రెండో గాడి

నాలుగు ఇంజన్ల పాత విమానాన్ని ట్రాక్టరు బయటికి లాక్కుపోతుంటే హ్యాంగరులో ఉన్నవాళ్ళంతా ఫోన్లు తీసి దానితో ఫోటోలు దిగారు. మామగారు మాత్రం వీపు తిప్పి, అప్పటికే తళతళలాడుతున్న పానాని మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. కోడలు అది చూసింది. తను చూసినట్టు తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారని తనూ ఓ గుడ్డముక్క అందుకుని నిచ్చెన మెట్లు తుడిచింది. ఆ మెట్లు తుడవమని ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఇంట్లో వాళ్ళిద్దరూ మామా కోడళ్ళు. హ్యాంగరులో గురువూ శిష్యురాలూ. శిష్యరికం ముందు, కోడరికం తర్వాత. ఆయన దగ్గర పని నేర్చుకోని మెకానిక్కు అక్కడ ఒక్కరూ లేరు. నేర్చుకున్నవాళ్ళంతా ఆయన్ని వెనకాల ‘కళ్ళుమూసుకో మాస్టారు’ అంటారు. పాత ఇంజన్లో ఆయిల్ ఫిల్టరు గొట్టాల వెనక, టార్చి వెలుగు కూడా దూరని సందులో ఉండేది. అక్కడ కళ్ళతో పనిలేదు. "కళ్ళు మూసుకో. వేలితో చూడు," అనేవారు. నిజంగానే మూయించేవారు. తెరిచినవాళ్ళ నెత్తిన చేతిలో ఉన్న గుడ్డతో ఒక్కటిచ్చేవారు. ఫిల్టరు మూత అంచు మీద వేలు జరుపుకుంటూ పోతే ఒక గాడి తగులుతుంది. ఆ గాడిలో రబ్బరు రింగు కూర్చోబెట్టాలి. అది సరిగ్గా కూర్చుంటేనే ఆయిలు బయటికి రాదు. కోడలు ఆ పని ఎన్నిసార్లు చేసిందో ఆమెకే తెలియదు. బుర్రలో వేరే ఆలోచన నడుస్తున్నా వేలు దాని పని అది చేసుకుపోతుంది.

ఇప్పుడా ఇంజన్లు పోయాయి. సముద్రం మీద దూరప్రయాణాలకి ఏ విమానం కొనాలో తేల్చడానికి కంపెనీ పెద్దలు చాలాకాలం కిందామీదా పడి, చివరికి రెండు ఇంజన్ల కొత్త విమానాలు రెండు తెప్పించారు. అవి ఇంధనం తక్కువ తాగుతాయి. ఒక ఇంజను ఆగినా రెండోదానితో చాలాసేపు ఎగిరి ఒడ్డు చేరతాయి. కొనకముందు అందరి అభిప్రాయం అడిగిన మీటింగులో మామగారు లేచి, "నాలుగు కోళ్ళ మంచం మీద పడుకున్నవాణ్ణి రెండు కోళ్ళ మంచం ఎక్కమంటున్నారు, అదీ నడిసముద్రంలో," అన్నారు. హాలంతా ఘొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న పెద్దలు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన కొత్త విమానానికి శత్రువని పేరు పడింది. పాత విమానంతోపాటు ఆయన ఈడువాళ్ళందరినీ ఇళ్ళకి పంపేశారు. ఆయన్ని ఎందుకుంచారో ఆయనకే తెలియదు. ఎప్పుడు పొమ్మంటారో కూడా తెలియదు. పైకి జోకులేస్తూనే తిరిగేవారు గానీ, ఆఫీసు వైపు నుంచి ఎవరైనా వస్తుంటే ఆయన భుజాలు బిగుసుకోవడం కోడలికి కనిపించేది.

పాత విమానం కనుమరుగయ్యాక ఇన్‌ఛార్జి అందరినీ దగ్గరికి పిలిచాడు. కొత్త విమానాలతోపాటు బయటి నుంచి వచ్చిన మనిషి. వయసులో చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు, ఎప్పుడూ ఏదో తరుముకొస్తున్నట్టు మాట్లాడతాడు.

"మళ్ళీ చెబుతున్నా. సముద్రం మీద ఒక ఇంజను ఆగితే రెండోది మోసుకురావాలి. అంటే రెండూ ఒకేసారి చెడకూడదు. ఒకే మనిషి రెండిటి మీదా పనిచేస్తే, అతను చేసిన పొరపాటు రెండిట్లోనూ ఉంటుంది. అందుకని ఒక చెయ్యి ఒక్క ఇంజనే ముట్టుకోవాలి. కుడిది చేసినవాళ్ళు ఎడమదాని జోలికి పోవద్దు. పాతరోజుల్లోలాగా ఒక్కరే నిచ్చెన జరుపుకుంటూ నాలుగూ కానిచ్చేయడం ఇక కుదరదు."

"మరి నాకున్న రెండు చేతులూ ఒకే ఇంజను మీద వెయ్యొచ్చా బాబూ, లేక ఒకటి జేబులో పెట్టుకోవాలా?" అన్నారు మామగారు.

అందరూ నవ్వారు. ఇన్‌ఛార్జి కూడా నవ్వాడు. నవ్వి, మొదటి విమానానికి కుడి ఇంజను మామగారికీ ఎడమది కోడలికీ ఇచ్చాడు. రెండో విమానానికి, మిగతా మెకానిక్కుల్లో పొడుగాయనకొకటి, గడ్డమాయనకొకటి. వాళ్ళిద్దరూ కూడా మామగారి చేతికింద పెరిగినవాళ్ళే.

*

మర్నాడు ఫిల్టర్లు మార్చే పని పెట్టుకున్నారు. ఆ మర్నాటి పొద్దున మొదటి విమానం, మధ్యాహ్నం రెండోది, ప్రయాణికులతో మొదటిసారి సముద్రం దాటాలి.

ముందు మామగారు స్టాండు ఎక్కారు. కోడలు కింద నిలబడింది. ఆయన ఇంజన్ని ముట్టుకోకూడదు గానీ చూడకూడదని ఎవరూ అనలేదు. పైగా ఆయన పనిచేస్తుంటే చూడడం ఆమెకి ఇష్టం. ఇంజను తలుపులు రెండూ ఎత్తి, పాత ఫిల్టరు విప్పి, కారిన ఆయిలు పళ్ళెంలో పట్టారు. రెండు వేళ్ళ మధ్య ఆయిలు రుద్ది వాసన చూశారు. కొత్త రింగుని ఆ ఆయిలుతోనే తడిపి, మూత ఎడమచేతిలోకి తీసుకుని, మొహం హ్యాంగరు కప్పువైపు ఎత్తి కళ్ళు మూసుకున్నారు. చూపుడువేలు అంచు మీద జరిగింది, ఆగింది. రింగు కూర్చుంది. మూత బిగించి, పానా టక్కుమనేదాకా తిప్పి, దిగొచ్చారు.

"ఇదేం ఇంజనమ్మాయ్, అన్నీ ఎదురుగానే ఉన్నాయి. దొంగకి తాళాలిచ్చినట్టుంది," అన్నారు.

తర్వాత ఆమె ఎడమవైపు స్టాండెక్కింది. ఆ ఇంజన్లో ఫిల్టరు నిజంగానే మొహానికి ఎదురుగా ఉంది. కొంచెం తల వంచితే అన్నీ కనబడతాయి. కానీ ఆమె మొహం దానంతటదే పైకి లేచింది. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. వేలు జరిగింది, ఆగింది, రింగు కూర్చుంది. కింద మామగారు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. ఆయన ముందు బాగా చేశాననిపించుకోవాలని ఆమెకి ఇప్పటికీ ఉంటుంది. దిగొచ్చాక ఆయన తలాడిస్తే ఆమెకి కడుపు నిండినట్టయింది. రెండు ఇంజన్లూ ఊరికే తిప్పి చూశారు. ఎక్కడా చుక్క కారలేదు.

ఆమె టీ తాగడానికి క్యాంటీనుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మామగారు మళ్ళీ కుడివైపు స్టాండు మీదున్నారు. ఏంటి మామయ్యా అంటే, "మరకలు, తుడుస్తున్నా," అన్నారు. దిగేటప్పుడు రోజూలాగా చకచకా కాకుండా, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. అంతలో ఆఫీసు నుంచి పెద్దలు వచ్చారు. ఇన్‌ఛార్జి వాళ్ళని నేరుగా మామగారి దగ్గరికే తీసుకొచ్చాడు.

"మా మాస్టారు. ఈ విమానం వద్దన్నది ఈయనే. ఇప్పుడు చూడండి, మనసులో ఏం పెట్టుకోకుండా చంటిపిల్లకి నీళ్ళుపోసినట్టు చేస్తున్నారు."

పెద్దల్లో ఒకాయన మామగారి భుజం తట్టాడు. మామగారు నోరు తెరిచారు. ఏదో అనబోయినట్టు, పెదవులు కదిలాయి కూడా. చివరికి ఒక చిన్న నవ్వు నవ్వి, చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. కాసేపటికి ట్రాక్టరు వచ్చి విమానాన్ని బయటికి లాక్కెళ్ళింది. ఆయన గుమ్మందాకా దాని వెనకే నడిచి, అక్కడ ఆగిపోయారు.

స్కూటరు మీద ఇంటికొస్తుంటే వెనక కూర్చున్న ఆయన ఉన్నట్టుండి అడిగారు.

"మూత బిగించేముందు ఒకసారి చూశావా అమ్మాయ్?"

"చూడడమెందుకు మామయ్యా? వేలితో తెలుసుకున్నా. అచ్చం మీరు నేర్పినట్టే," అంది కోడలు గర్వంగా, గాలికి గొంతు పెంచి.

"ఊఁ," అన్నారాయన.

*

మర్నాడు ఇద్దరికీ సెలవు. కోడలి భర్త దూరపు బస్సులు నడుపుతాడు, రెండు రోజులదాకా రాడు. ఇంట్లో ముగ్గురే.

"మీ మామయ్యకేమైందే? రాత్రంతా పొర్లుతూనే ఉన్నారు. పొద్దున్నే ఫలహారం పెడితే ముట్టలేదు, మేడ మీదకెళ్ళి కూర్చున్నారు," అంది అత్తగారు. ఆవిడ ఆస్పత్రిలో ఉన్న చెల్లెల్ని చూడడానికి తయారవుతోంది. టీ పోసిన ఫ్లాస్కు గుడ్డసంచిలో పెట్టుకుంది. పాత ఫ్లాస్కు పగిలితే కోడలు కొనుక్కొచ్చిన కొత్త ఫ్లాస్కు అది. కొన్న దగ్గర్నుంచీ ఆవిడకి దాన్ని చూస్తే మంటే.

ఇంటిమీదుగా పెద్ద చప్పుడుతో విమానం వెళ్ళింది. కొత్తదాని చప్పుడు వేరుగా ఉంటుంది, కొంచెం బొంగురు తక్కువ. కోడలు కిటికీలోంచి చూసి నవ్వుకుంది. లోపలున్న జనం, వాళ్ళ పిల్లలు, సామాన్లు, అందరూ తను బిగించిన మూత మీద నమ్మకంతో పోతున్నారనుకుంటే ఒళ్ళు పులకరించింది.

కాసేపటికి అత్తగారు గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చింది. సంచి అడుగంతా తడిసి, టీ నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"చూడు నీ కొత్త ఫ్లాస్కు నిర్వాకం! ఊరి విమానాలన్నీ బాగుచేసే కోడలికి ఇంట్లో ఫ్లాస్కు మూత పెట్టడం రాదంటే నవ్విపోతారు. పొద్దున కడిగి రింగు పెట్టింది నువ్వే కదా."

"ఇలా ఇవ్వండత్తయ్యా. పెట్టేటప్పుడు బాగానే ఉందే," అంటూ ఆమె మూత తిప్పి చూసింది.

మూత లోపల రెండు గాళ్ళున్నాయి. అంచు దగ్గరొకటి, దానికి లోపలొకటి. రింగు ఉండాల్సింది లోపలిదాన్లో. ఆమె అంచు దగ్గరదాన్లో పెట్టింది. పొద్దున అత్తగారితో మాట్లాడుతూ, కిటికీలోకి చూస్తూ పెట్టింది. వేలికి మొదట తగిలిన గాడిలో పెట్టింది.

మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్తగారు ఇంకా ఏదో అంటోంది, వినబడలేదు. ఆమె కళ్ళకి ఇప్పుడది ఫ్లాస్కు మూతలా లేదు. కొత్త ఇంజను పాఠం చెప్పినప్పుడు తెరమీద చూపించిన బొమ్మ కళ్ళముందుకొచ్చింది. దానికీ రెండు గాళ్ళే. అంచు దగ్గరది ఖాళీగా వదిలెయ్యండి, రింగు రెండోదాన్లో పెట్టండి అని చెప్పారు. అందరితోపాటు తనూ తలూపింది. పాఠం చెవులు విన్నాయి, చేతులు వినలేదు. నిన్న వేలు ఏ గాడి దగ్గర ఆగింది? అంచు మీద జరిగీ జరగగానే ఆగింది. నిన్న ఇంజను తిప్పి చూసినప్పుడు ఆయిలు చల్లగా, చిక్కగా ఉంది, అందుకే కారలేదు. వేడెక్కి పల్చబడ్డాక ఆగదు. ఇప్పుడు వేడెక్కుతూ ఉంటుంది.

ఆ వెంటనే ఇంకో భయం మీద పడింది. మామయ్య కూడా కళ్ళు మూసుకునే పెట్టారు. ఆమె కళ్ళారా చూసింది. ఆ చెయ్యీ ఈ చెయ్యీ వేరనుకుని ఇన్‌ఛార్జి ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు. ఇద్దరి వేళ్ళూ నేర్చుకున్నది ఒకటే.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మామగారు పిట్టగోడ దగ్గర కుర్చీలో, విమానం పోయిన దిక్కుకి చూస్తూ కూర్చునున్నారు.

"మామయ్యా! రింగు... మూతకి రెండు గాళ్ళు. మనం మొదటిదాన్లో పెట్టాం!"

ఆయన ఉలిక్కిపడలేదు. ఆమె అది గమనించే స్థితిలో లేదు.

"నాది సరిగ్గానే ఉంది," అన్నారు.

"ఎలా ఉంటుంది? మీరు కళ్ళు మూసుకున్నారు. నేను చూశాగా."

"నా చేతి సంగతి నాకు తెలీదా? సరిగ్గానే ఉందంటున్నాగా."

"మామయ్యా, ఇది పంతాలకి పోయే టైము కాదు. లోపల జనం ఉన్నారు. రెండూ ఆగిపోతే..."

"రెండూ ఆగవు," అన్నారాయన. "ఒకటి బాగుంటే చాలు. వెనక్కి తెచ్చేస్తుంది. అందుకే కదా దాన్ని కొన్నారు."

రెండు కోళ్ళ మంచం అని హాలంతా నవ్వించిన మనిషేనా ఈ మాట అంటున్నది అని ఆమెకి ఆశ్చర్యం వేసింది. పరువుకి పాకులాడుతున్నారనుకుంది. పాపమనిపించింది, కోపం కూడా వచ్చింది. ఫోను తీసింది.

"చెయ్యకు," అన్నారాయన. "ఉద్యోగం పోతుందే. నీది."

"పోనివ్వండి," అంది. అనేసిందే గానీ నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

ఇన్‌ఛార్జి అంతా విన్నాడు. "నీకు ఖాయంగా తెలుసా?" అన్నాడు.

"కళ్ళతో చూడలేదు సార్. అదే నా భయం. పైలట్లని ఎడమదాన్లో ఆయిలు ఎంతుందో అడగండి. కుడిదాన్లో కూడా అడగండి."

"మొదటి రోజు. మొదటి ప్రయాణం. వెనక్కి పిలిచి ఏం లేదంటే నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

"ఇంకా ఒడ్డుకి దగ్గర్లోనే ఉన్నారు సార్. కాసేపైతే ఉండరు."

ఫోను పెట్టేశాడు. ఆమె మేడమీద అటూ ఇటూ తిరిగింది. మామగారు కుర్చీలోంచి కదల్లేదు. కింద నుంచి అత్తగారు, "ఏమైందే, ఎవరికేమైంది?" అని అరుస్తోంది. అందరూ క్షేమంగా తిరిగొస్తే చాలు, నా ఉద్యోగం పోతే పోయిందని మనసులో అనుకుంది. మళ్ళీ వెంటనే, నా వైపు తప్పు లేకుండా ఉంటే ఎంత బాగుండు అని కూడా అనుకుంది. ఫోను మోగింది.

"ఎడమదాన్లో ఆయిలు తగ్గుతోంది. కుడిదాన్లో తగ్గలేదు. వెనక్కి తిప్పేశారు. ఇద్దరూ వెంటనే రండి."

*

టాక్సీలో మామగారు కిటికీ వైపుకి ఒదిగి కూర్చున్నారు. కుడిదాన్లో తగ్గలేదట మామయ్యా అని ఆమె చెప్పింది. ఆయన తలూపారు, ఆమె వైపు చూడలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి ఇన్‌ఛార్జి హ్యాంగరు గుమ్మంలో ఫోను చేత్తో పట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. పొడుగాయన, గడ్డమాయన, మిగతావాళ్ళంతా పనులు ఆపేసి అతని వెనక నిలబడ్డారు. ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడడం లేదు.

"సార్, రెండో విమానం ఆపండి," అంది కోడలు వస్తూనే. "దానికి పొడుగన్నయ్యా గడ్డమన్నయ్యా చేశారు. వాళ్ళూ మా మామయ్య దగ్గర నేర్చుకున్నవాళ్ళే. నేను చేసిన తప్పే వాళ్ళూ..."

"నేను చూసే పెట్టినట్టున్నా," అన్నాడు పొడుగాయన. కానీ మొహం పాలిపోయింది.

గడ్డమాయన మాత్రం అరచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

"అది బయల్దేరే టైము దగ్గరపడింది, జనం ఎక్కుతున్నారు," అన్నాడు ఇన్‌ఛార్జి. "ఒకేరోజు రెండూ ఆపానంటే సముద్రం మీద మన విమానాలని ఇక ఎవరూ ఎగరనివ్వరు. ముందు ఇది దిగనీ. మాస్టారు పెట్టిన కుడిదాన్ని విప్పి చూద్దాం. గురువుగారిదే తప్పైతే నేర్పిందే తప్పని అర్థం, దాన్నీ ఆపేస్తా. ఆయనది సరిగ్గా ఉంటే నీ ఒక్కదాని పొరపాటు. దానికోసం వాళ్ళని ఆపక్కర్లేదు."

ఆ మాట సబబుగానే ఉంది. మామగారు గోడవారగా నిలబడి, చేతులు జేబుల్లో పెట్టుకుని, నేల చూస్తున్నారు.

విమానం వచ్చింది. ముందు చుక్కలా కనబడి, తర్వాత ఎంతకీ పెద్దదవనట్టు ఆకాశంలోనే వేలాడుతూ ఉండిపోయింది. కోడలు గుప్పిళ్ళు బిగించి, గోళ్ళు గుచ్చుకుంటున్నా వదల్లేదు. చక్రాలు నేలని తాకినప్పుడు గుమ్మంలో ఉన్నవాళ్ళందరి నోళ్ళలోంచీ ఒకేసారి ఊపిరి బయటికొచ్చింది. ఎడమ ఇంజను మధ్యలోనే ఆపేశారట. ఒక్క కుడిదానితోనే వచ్చింది. దిగిన ప్రయాణికుల్ని ఎక్కించుకుని బస్సు హ్యాంగరు ముందు నుంచే వెళ్ళింది. ఒకామె ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డని జోకొడుతూ, ఏం జరిగిందో తెలియక, వీళ్ళవైపు విసుగ్గా చూసింది. కోడలు తల దించుకుంది.

ఎడమ ఇంజను తలుపులు ఎత్తగానే లోపలంతా ఆయిలు. మూత విప్పమని ఇన్‌ఛార్జి ఆమెకే చెప్పాడు. విప్పి, తుడిచి, ఈసారి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. రింగు అంచు దగ్గరి గాడిలో ఉంది, సగం తెగి, లాగిన దారంలా వేలాడుతోంది. అందరూ ఒక్కొక్కరే వచ్చి చూసి వెనక్కి తగ్గారు. ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

కుడి ఇంజను ఇన్‌ఛార్జి తనే విప్పాడు. మూత తిరగేసి టార్చి వేశాడు. రింగు రెండో గాడిలో, చెక్కుచెదరకుండా, నిండుగా కూర్చునుంది.

"మాస్టారూ!" అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టు. "మిమ్మల్ని అనవసరంగా అనుమానించాం. ఇదీ పనంటే. చూశావామ్మా? గురువు చెయ్యంటే ఇది. నువ్వింకా చాలా నేర్చుకోవాలి, ముందు ఉద్యోగం మిగిలితే. ఒక్క మనిషి పొరపాటు, ఒక్క ఇంజను. రూలు మనల్ని కాపాడింది." ఫోను తీశాడు. "హలో, రెండోదానికి ఇబ్బందేం లేదు. పంపించెయ్యండి."

మొదట కోడలికి సంతోషమే కలిగింది. మామయ్య బయటపడ్డారు. ఆయన పరువు దక్కింది. తప్పు తనొక్కదానిదే, ఆయన నేర్పినదాన్లో ఏ లోపమూ లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వైపు చూసింది, ఆయన కూడా తన వైపు చూస్తారనుకుని.

ఆయన మెరుస్తున్న ఆ మూత వైపే చూస్తున్నారు. సంతోషించిన మనిషి మొహం కాదది. నుదుటి నిండా చెమట పట్టింది. చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

ఆమెకి నిన్నటి ఆయన మొహం గుర్తొచ్చింది. హ్యాంగరు కప్పువైపు ఎత్తిన మొహం, మూసిన కళ్ళు. వేలు జరిగీ జరగగానే ఆగింది. అంచు దగ్గరే ఆగింది. ఆమె చూసింది. అలా ఆగిన వేలు పెట్టిన రింగు లోపలి గాడిలోకి దానంతటది నడిచిపోదు.

"మామయ్యా," అంది, నెమ్మదిగా. "ఎప్పుడు మార్చారు?"

ఇన్‌ఛార్జి ఇంకా ఫోన్లోనే ఉన్నాడు.

"మరకలు తుడుస్తున్నానన్నారు. అప్పుడేనా?"

"నువ్వు టీకి వెళ్ళావు," అన్నారాయన, ఆమెకొక్కదానికే వినబడేట్టు. "బల్ల మీద విడి మూత ఒకటి పడుంటే ఊరికే వేలు పెట్టా. లోపల ఇంకో గాడి తగిలింది. నా గుండె ఆగినంత పనైంది. వెళ్ళి నాది విప్పి మార్చేశా. నీది విప్పకూడదు కదా, రూలు. నీకు చెబుదామనే దిగా. ఈలోపు వాళ్ళంతా వచ్చి భుజం తట్టారు. ఇప్పుడు నోరు విప్పితే, కొత్త విమానమంటే పడక కావాలని చెడగొట్టాడంటారేమోనని..."

"స్కూటరు మీద నన్ను అడిగారు. చూడలేదని చెప్పాను. అప్పుడు కూడా చెప్పలేదు."

"ఒకటి బాగుంటే వచ్చేస్తుంది కదా అనుకున్నానే. వచ్చేసింది కదా."

ఆమెకి ఆయన్ని చూస్తే భయం వేసింది. ఇంతకాలం ఆయన ముందు తప్పు చేస్తానేమోనని భయపడేది, ఆ భయం కాదు ఇది.

"కళ్ళు మూసుకోమన్నది మీరే కదా మామయ్యా," అంది.

ఆయన తలెత్తారు. అప్పుడే గుమ్మం ముందు నుంచి రెండో విమానం మెల్లగా కదిలిపోతోంది, ట్రాక్టరు దాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోతోంది. గుండ్రటి కిటికీల్లో మనుషులు. ఎవరో పిల్ల అరచెయ్యి అద్దానికి ఆనించి పెట్టుకుంది. గడ్డమాయన కూడా దాన్నే చూస్తున్నాడు, అరచెయ్యి చొక్కాకి ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

మామగారు జేబుల్లోంచి చేతులు తీసి ఇన్‌ఛార్జి దగ్గరికి నడిచారు. వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకున్నారు.

"దాన్ని ఆపు బాబూ."

"ఎందుకు మాస్టారూ? మీది సరిగ్గానే ఉంది కదా!"

"ఇప్పుడు సరిగ్గా ఉంది. తర్వాత విప్పి మార్చా. ముందు నాదీ తప్పే. చెప్పకుండా దాచా. అమ్మాయి తప్పు కాదు, నేను నేర్పిన తప్పు."

ఇన్‌ఛార్జి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోవడానికి కొంచెంసేపు పట్టింది. మళ్ళీ నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించాడు. అవతల మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు. హ్యాంగరులో పనిచేసేవాళ్ళంతా దగ్గరికొచ్చి చుట్టూ నిలబడ్డారు.

"మాస్టారూ," అన్నాడు, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని. "ఇలా కళ్ళు మూసుకుని రింగు పెట్టడం ఎంతమందికి నేర్పారు?"

మామగారు చుట్టూ నిలబడ్డవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే చూశారు.

"అందరికీ," అన్నారు.